యంత్రానికి నెట్ ఉంది, కంటైనర్‌కు లేదు

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం పంపారు. పేరు వేయవద్దని కోరారు కాబట్టి మనిషినీ, పనిచేసే చోటునూ పోల్చుకోగల వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. చదువు అయ్యాక తోటివాళ్లంతా బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోతే, అమ్మానాన్నలను వదిలి వెళ్లలేక ఊళ్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరారు. ఆదోని వైపు పత్తి జిన్నింగ్ మిల్లులకు కాటా లెక్కలు, బిల్లులు, నిల్వలు చూసే ప్రోగ్రాం ఆ సంస్థది. ఒక్కో మిల్లులో ఒక్కో రకం కంప్యూటర్ ఉండటం వల్ల, ప్రోగ్రాం ఎక్కించిన ప్రతిసారీ ఏదో ఒకటి కుదరక రోజులు గడిచిపోతున్నాయని గమనించి, ప్రోగ్రాంనూ దానికి కావలసినవాటినీ ఒకే మూటగా కట్టి ఏ యంత్రంలోనైనా ఒకేలా నడిపించే డాకర్ కంటైనర్లలో అంతా పెడదామని యజమానిని ఒప్పించింది ఈమే. అక్కడ 11 ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్‌కు (ఉత్తరమంతా ఆయనను ‘అన్న’ అనే రాశారు) ఈ ఆలోచన మొదటి నుంచీ నచ్చలేదు.

ఇబ్బంది ఏమిటంటే, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ పనిచేస్తుంది, పైథాన్ ప్యాకేజీలు నేరుగా దిగుతాయి, డాకర్ ఇమేజీలు (కంటైనర్‌ను లేపడానికి వాడే అచ్చులు) కూడా దిగుతాయి. కానీ అదే ల్యాప్‌టాప్‌లో కంటైనర్ లోపలి నుంచి ఏది తెచ్చుకోబోయినా ‘టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్’ (అడిగిన పేరుకు అంకెల చిరునామా దొరకలేదు) అని వస్తుంది. ఇంటికి వెళ్లి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే ఏమీ మార్చకుండానే అన్నీ నడుస్తాయి. ఎవరో చెప్పారని డాకర్ సెట్టింగుల్లో గూగుల్ డీఎన్ఎస్ (పేర్లకు అంకెల చిరునామాలు చెప్పే సర్వర్) చిరునామా 8.8.8.8 రాసి చూశారు, ఆఫీసులో ఏ మార్పూ లేదు. కంటైనర్‌ను హోస్ట్ నెట్‌వర్క్ (యంత్రం సొంత నెట్‌వర్క్) మీద నడిపితే నెట్ వచ్చింది గానీ, ల్యాప్‌టాప్‌లో ముందే ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, కంటైనర్‌లోని పోస్ట్‌గ్రెస్ రెండూ 5432 పోర్టునే (ప్రోగ్రాంను బయటినుంచి అందుకునే ద్వారం సంఖ్య) అడగడంతో రెండోది లేవలేదు. దాంతో మూడు వారాలుగా ఆఫీసులోనే, ఎవరికీ చెప్పకుండా, తన ఫోన్ హాట్‌స్పాట్ మీద పని నడిపిస్తున్నారు. అందులోనూ ఒక మిల్లు వీపీఎన్‌కు (బయటి నెట్ మీదుగా మిల్లు నెట్‌వర్క్‌కు వేసుకున్న ప్రైవేటు సొరంగానికి) కలిపినప్పుడు చిన్న జవాబులు వస్తాయి, నెల రిపోర్టు లాంటి పెద్దది అడిగితే మాత్రం కంటైనర్ అలాగే నిలిచిపోతుంది.

అసలు బరువు ఉత్తరం అయిదో పేజీలో ఉంది. ఆఫీసులో అందరూ వాడే టెస్ట్ సర్వర్‌లోనూ ఇదే ఎర్రర్ వస్తుంటే, ఒక రాత్రి ఎక్కడో చదివిన సలహా పట్టుకొని, ఐపీటేబుల్స్‌లోని (యంత్రంలో ఏ ప్యాకెట్టును వదలాలి, దేన్ని ఆపాలి, ఎటు మళ్లించాలి అని చెప్పే ఏర్పాటు) నియమాలన్నిటినీ తుడిచేసే ఆదేశాలు ఇచ్చి, సర్వర్‌ను ఆపి మళ్లీ ప్రారంభించకుండానే ఇంటికి వెళ్లిపోయారు. తెల్లవారేసరికి రెండు మిల్లుల కాటాల నుంచి రావలసిన లెక్కలు ఆగిపోయాయి. అన్న మధ్యాహ్నం దాకా కూర్చొని నియమాలను మళ్లీ రాసుకున్నారు. కారణం దొరకక, సర్వర్ పాతబడిందని, కొత్తది కొనడం మంచిదని యజమానితో చెప్పారు. ఇప్పుడు కొటేషన్లు తెప్పిస్తున్నారు. ఆ రాత్రి ఏం జరిగిందో ఈమెకు తప్ప ఎవరికీ తెలియదు.

లోపం ఎక్కడుంది, హోస్ట్ నెట్‌వర్క్‌తోనే సర్దుకుపోతే ఏమవుతుంది, ఆ రాత్రి సంగతి చెప్పాలా వద్దా అన్నవి ఆమె ప్రశ్నలు. ‘చెబితే కంటైనర్లు వద్దన్న అన్న మాటే నిజమవుతుంది, చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు.

* * *

మీరు ఉత్తరంతో పాటు రెండు చిన్న ఫైళ్ల నకళ్లు జతచేసి, సెట్టింగులేవీ ముట్టుకోకముందు తీసి పెట్టుకున్నవి ఇవి, వీటిలో ఏముందో అర్థం కాలేదు అని రాశారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ రెండు నకళ్లలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో, పేర్లకు చిరునామా ఎవరిని అడగాలో రాసి ఉండే ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలులో నేమ్‌సర్వర్ 127.0.0.1 అని ఉంది. కంటైనర్‌లోని అదే పేరుగల ఫైలులో 8.8.8.8, 8.8.4.4 అని ఉన్నాయి. ఒకే యంత్రం, ఒకే పేరున్న ఫైలు, లోపల రాసింది వేరు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే మీరు చెప్పిన వింతలన్నీ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి.

127.0.0.1 అంటే యంత్రం తనను తాను పిలుచుకునే చిరునామా. మీ ల్యాప్‌టాప్‌లో పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే పని, అన్న ఏనాడో అమర్చిన డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం చేస్తోందని మీరే రాశారు. ఆ ప్రోగ్రాం ఏ నెట్‌వర్క్‌లో ఉంటే ఆ నెట్‌వర్క్ ఇచ్చిన డీఎన్ఎస్ సర్వర్‌ను అడిగి తెలుసుకుంటుంది, ఒకసారి తెలుసుకున్నది కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. మంచి ఏర్పాటు. ఆ ఫైలులోని మాటకు అర్థం ‘ఇక్కడే అడుగు’ అని. కానీ ‘ఇక్కడే అడుగు’ అని రాసిన చీటీని పక్కింటికి పట్టుకెళ్లి చదివితే, ‘ఇక్కడ’ అన్న మాటకు అర్థం ఆ ఇల్లు అయిపోతుంది. కంటైనర్ కూడా అంతే. అది మీ ల్యాప్‌టాప్ కెర్నెల్ మీదే నడుస్తున్నా, నెట్‌వర్క్ విషయంలో దానిది వేరు కాపురం: సొంత చిరునామా, సొంత దారి, సొంత 127.0.0.1. దాని లోపల డీఎన్ఎస్‌మాస్క్ లేదు, అక్కడ అడిగితే పలికేవారు లేరు.

డాకర్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే మామూలు బ్రిడ్జి నెట్‌వర్క్ (కంటైనర్లను యంత్రంతో కలిపే లోపలి నెట్‌వర్క్) మీద కంటైనర్‌ను లేపేటప్పుడు, యంత్రం ఫైలులో ఇలాంటి సొంత చిరునామాలుంటే వాటిని తీసివేస్తుంది. తీసివేశాక ఒక్కటీ మిగలకపోతే, గూగుల్ 2009లో ప్రారంభించిన ఉచిత డీఎన్ఎస్ చిరునామాలైన 8.8.8.8నూ, 8.8.4.4నూ తానే రాసిపెడుతుంది. ఇది కూడా మంచి ఉద్దేశంతో చేసిన ఏర్పాటే. అయితే మీ ఆఫీసు ఫైర్‌వాల్, చాలా ఆఫీసుల్లో లాగే, లోపలి డీఎన్ఎస్‌ను తప్ప బయటి డీఎన్ఎస్‌ను అడగనివ్వడం లేదని మీ లక్షణాలు చెబుతున్నాయి. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు అలాంటి అడ్డు లేదు, కాబట్టి ఇంట్లో 8.8.8.8 పలికింది. మీరు సెట్టింగుల్లో అదే 8.8.8.8ను చేత్తో రాయడం అంటే డాకర్ అప్పటికే చేస్తున్నదాన్ని మరోసారి చేయడమే, అందుకే మార్పు కనిపించలేదు. హోస్ట్ నెట్‌వర్క్ మీద నడిపినప్పుడు కంటైనర్‌కు వేరు కాపురం ఉండదు, ‘ఇక్కడ’ అంటే మళ్లీ ల్యాప్‌టాప్ అవుతుంది, డీఎన్ఎస్‌మాస్క్ పలుకుతుంది. ఇక ఇమేజీలు దిగడం మిమ్మల్ని బాగా తప్పుదారి పట్టించింది. ఇమేజీని తెచ్చేది కంటైనర్ కాదు, ల్యాప్‌టాప్ మీద నడిచే డాకర్ సర్వీసు. అది ల్యాప్‌టాప్ నెట్‌నే వాడుతుంది. ఇమేజీ దిగిందంటే కంటైనర్‌కు దారి ఉందని అర్థం కాదు.

దీనిలో అన్న తప్పు లేదు, మీ తప్పు లేదు, డాకర్ తప్పు కూడా లేదు. దేనికది సరిగ్గా ఉన్న మూడు ఏర్పాట్లు ఒకచోట కలిసినప్పుడు దారి మూసుకుపోయింది. ఈ మాటను మనసులో పెట్టుకోండి, మూడో ప్రశ్న దగ్గర మీకు పనికొస్తుంది.

అయితే నేను చెప్పానని నమ్మకండి. నిర్ధారించుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, నిర్ధారణ చేతిలో ఉంటేనే మీరు ఆఫీసులో ధైర్యంగా మాట్లాడగలరు. కె.సి. కెనాల్ కింద చివరి ఆయకట్టుకు నీళ్లు రాలేదంటే, అనుభవమున్న లస్కరు ఊరికే గట్లు తవ్వడు. సుంకేసుల నుంచి మొదలుపెట్టి తూము తూమూ చూసుకుంటూ వచ్చి, నీళ్లున్న చివరి తూము ఏది, లేని మొదటి తూము ఏది అని తేల్చుకుంటాడు. ఆ రెండింటి మధ్యే పని. ‘నెట్ రావడం లేదు’ అన్న మాటను కూడా అలాగే విడదీయాలి.

ముందుగా ఒక పనిముట్టు కావాలి. మీ పైథాన్ ఇమేజీ సన్నటిది కాబట్టి అందులో పింగ్ కూడా ఉండకపోవచ్చు. ‘పింగ్ దొరకలేదు’ అన్న సందేశాన్ని ‘పింగ్ పోలేదు’ అని చదువుకొని గంటలు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. కొన్ని మెగాబైట్లే ఉండే బిజీబాక్స్ ఇమేజీని ఒక తాత్కాలిక కంటైనర్‌గా లేపి, మీ మామూలు కంటైనర్ వాడే నెట్‌వర్క్ మీదే ఉంచండి. అందులో మొదట దారుల పట్టిక (ఏ చిరునామాకు ఎటు వెళ్లాలో చెప్పేది) చూడండి. కంటైనర్ చిరునామా 172.17తో మొదలై, బయటికి వెళ్లే దారి 172.17.0.1 అని కనిపిస్తే మొదటి తూము దగ్గర నీళ్లున్నట్టే. తర్వాత పేరుతో పని లేకుండా, అంకెల చిరునామాతోనే బయటికి వెళ్లి చూడండి: 1.1.1.1కు 443వ పోర్టులో కనెక్షన్ కుదురుతుందా? పింగ్‌తో పరీక్షిస్తే సరిపోదు, ఎందుకంటే చాలా ఆఫీసుల్లో పింగ్‌ను మాత్రమే ఆపి మిగతాది వదులుతారు. ఇది కుదిరిందంటే యంత్రం కంటైనర్ ప్యాకెట్లను ముందుకు పంపుతోంది, వాటి మీద తన చిరునామా వేసి పంపే ఏర్పాటు కూడా నడుస్తోంది అని అర్థం. కుదరకపోతే యంత్రంలో ఐపీ ఫార్వర్డింగ్ (ప్యాకెట్లను ముందుకు పంపే అనుమతి) 1గా ఉందా, ఫార్వర్డ్ గొలుసులో (అలా దాటిపోయేవాటికి వర్తించే నియమాల్లో) ఎవరైనా అడ్డు పెట్టారా, మాస్క్వరేడ్ నియమం (యంత్రం చిరునామా వేసి పంపేది) ఉందా అన్నవి చూడాలి. మీ విషయంలో అక్కడి దాకా వెళ్లవలసిన పని పడదని నా నమ్మకం.

చివరి పరీక్షే మీకు ముఖ్యమైనది. బిజీబాక్స్‌లో ఎన్ఎస్‌లుకప్ (పేరుకు చిరునామా అడిగే ఆదేశం) తో ఏదైనా ఒక పేరును రెండుసార్లు అడగండి. మొదటిసారి ఏ సర్వర్ పేరూ చెప్పకుండా అడగండి, రెండోసారి మీ ఆఫీసు డీఎన్ఎస్ చిరునామాను చివర చేర్చి అడగండి. మొదటిది కాసేపు నిలబడి విఫలమై, రెండోది వెంటనే జవాబిస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఈ రెండు ఆదేశాలనూ, వాటి జవాబులనూ ఒక ఫైలులో దాచుకోండి.

దారుల పట్టికను మొదటే చూడమని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట కడపలో ఒక సంస్థకు పని చేస్తున్నప్పుడు, ఒక సర్వర్‌లో డాకర్ ఎక్కించిన మరుసటి రోజు నుంచి ఆ సర్వర్‌కు ఒకే ఒక్క డేటాబేస్ అందకుండా పోయింది. ఇంటర్నెట్ మొత్తం వస్తోంది, ఆఫీసులో మిగతా యంత్రాలన్నీ వస్తున్నాయి, ఆ ఒక్కటే రాదు. మూడు రోజులు మేం డేటాబేస్‌నే అనుమానించి, దాని కేబుల్ మార్చి, స్విచ్‌లో వేరే రంధ్రానికి గుచ్చి, అర్ధరాత్రి దాన్ని రెండుసార్లు రీస్టార్ట్ చేశాం. నాలుగో రోజు ఉదయం ఒక కుర్రవాడు దారుల పట్టిక తీసి నా ముందు పెట్టాడు. డేటాబేస్ చిరునామా 172.17తో మొదలవుతుంది. డాకర్ తన బ్రిడ్జికి డిఫాల్ట్‌గా తీసుకునేది కూడా 172.17.0.0 నుంచి 172.17.255.255 వరకే. 1996లో ఖరారైన నియమం ప్రకారం 172.16 నుంచి 172.31 వరకు ఎవరి సొంత నెట్‌వర్క్‌లో వాళ్లు వాడుకోవచ్చు కాబట్టి, ఆ సంస్థ వాడటం తప్పు కాదు, డాకర్ వాడటమూ తప్పు కాదు. డేటాబేస్‌కు పోవలసిన ప్రతి ప్యాకెట్టూ గడప దాటకుండా డాకర్ బ్రిడ్జిలోకి పోయి ఆగిపోతోంది. బ్రిడ్జికి వేరే వరుస చిరునామాలు ఇచ్చాక పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. మీ మిల్లుల్లో ఎక్కడైనా 172తో మొదలయ్యే నెట్‌వర్క్ ఉంటే, కంటైనర్లు అక్కడికి చేరకముందే ఈ ఒక్కటి చూసుకోండి.

ఇక మందుల మాట. మీ ముందు మూడు దారులున్నాయి, దేని ఖర్చు దానికి ఉంది.

అన్నిటికన్నా తేలికైనది, డాకర్ సెట్టింగుల ఫైలు ‘డీమన్ డాట్ జేసన్’లో 8.8.8.8 తీసివేసి మీ ఆఫీసు డీఎన్ఎస్ చిరునామా రాయడం. టెస్ట్ సర్వర్ ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటుంది కాబట్టి దానికి ఇదే చాలు, ఇంతకన్నా ఆలోచించకండి. ల్యాప్‌టాప్‌కు మాత్రం దీనిలో ఒక చిక్కు ఉంది. మీరు దాన్ని ఇంటికి తీసుకెళ్తారు, ఇంటి నుంచి ఆఫీసు డీఎన్ఎస్ అందదు, అప్పుడు ఇంట్లో నెట్ లేకుండా పోతుంది. రెండు చిరునామాలు, ముందు ఆఫీసుది తర్వాత బయటిది, రాయవచ్చు. కానీ ఇంట్లో ఉన్నప్పుడు ప్రతి పేరుకూ మొదటి సర్వర్ కోసం మామూలుగా అయిదు సెకన్లు వేచి చూసి గానీ రెండోదాన్ని అడగదు. నలభై ప్యాకేజీలు దించేటప్పుడు ఆ అయిదు సెకన్లు మీ ఓపికను పరీక్షిస్తాయి.

రెండో దారి, ల్యాప్‌టాప్‌లోని డీఎన్ఎస్‌మాస్క్‌ను డాకర్ బ్రిడ్జి చిరునామా 172.17.0.1 మీద కూడా పలకమని చెప్పి, కంటైనర్లకు ఆ చిరునామానే డీఎన్ఎస్‌గా ఇవ్వడం. ఇలా చేస్తే ఆఫీసులోనైనా ఇంట్లోనైనా ఏదీ మార్చకుండా నడుస్తుంది, నా దృష్టిలో ల్యాప్‌టాప్‌కు ఇదే సరైనది. దీని ఖర్చు వేరే రకంగా ఉంటుంది: అన్న రాసిన ఏర్పాటులో మీరు చేయి పెట్టాలి, ఫైర్‌వాల్‌లో బ్రిడ్జి వైపు నుంచి డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును తెరవాలి, యంత్రం లేచేటప్పుడు డాకర్ బ్రిడ్జి పుట్టకముందే డీఎన్ఎస్‌మాస్క్ లేస్తే దానికి ఆ చిరునామా దొరకదు కాబట్టి ఆ క్రమం కూడా చూసుకోవాలి. ఆయనను అడగకుండా చేయవద్దని నా మాట. అడిగితే, మీకన్నా ఆయనే త్వరగా చేస్తారు.

మూడోది, బయటి డీఎన్ఎస్‌కు ఫైర్‌వాల్‌లో దారి తెరవమని కోరడం. మీ ఒక్కరి కంటైనర్ కోసం ఆఫీసు మొత్తానికి ఉన్న కట్టుబాటును సడలించమనడం అవుతుంది, నేనైతే అడగను.

హోస్ట్ నెట్‌వర్క్‌తో సర్దుకుపోవడం గురించి అడిగారు. ఒక పూట పని గడవడానికి, లేదా లోపం నెట్‌వర్క్‌లో ఉందా ప్రోగ్రాంలో ఉందా తేల్చుకోవడానికి అది మంచి సాధనం. అలవాటుగా మారితే మాత్రం, మీరు కంటైనర్లను ఎందుకు కోరారో ఆ కారణమే పోతుంది. పోర్టులను మీకు కావలసినట్టు మార్చుకునే వీలు అక్కడ ఉండదు. పోర్టు మార్పు రాసినా డాకర్ దాన్ని పట్టించుకోదు. 5432 దగ్గర ఈరోజు మీకు ఎదురైన తగాదా రేపు ప్రతి మిల్లులోనూ ఎదురవుతుంది, ఎందుకంటే ఏ మిల్లు కంప్యూటర్‌లో ముందే ఏముందో మీకు తెలియదు. పైగా కంటైనర్‌లో ఏ ప్రోగ్రాం ఏ పోర్టు తెరిచినా అది నేరుగా యంత్రం మీదే తెరుచుకుంటుంది. మిల్లు నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరికైనా అది అందవచ్చు.

వీపీఎన్‌లో పెద్ద జవాబులు నిలిచిపోవడం దీనితో సంబంధం లేని వేరే లోపం. రెండూ ఒకేసారి కనబడటం వల్ల ఒకటే అనుకున్నారు. కంటైనర్ తన దారిలో ఒక్కో ప్యాకెట్టు 1500 బైట్ల దాకా పట్టుతుందని అనుకుంటుంది, అవతలి సర్వర్‌కు కూడా ఆ లెక్కనే చెబుతుంది. వీపీఎన్ ప్రతి ప్యాకెట్టునూ తన కవరులో పెట్టి పంపుతుంది కాబట్టి ఆ సొరంగంలో అంత పట్టదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో మామూలుగా 1420. ల్యాప్‌టాప్‌కు తన వీపీఎన్ కొలత తెలుసు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కంటైనర్‌కు తెలియదు. చిన్న జవాబులు ఎలాగూ పడతాయి. పెద్దవి సొరంగం మొదట్లో పట్టక ఆగిపోతాయి, ‘చిన్నవి చేసి పంపు’ అని వెనక్కి చెప్పే సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తుంది, అప్పుడు రెండు వైపులా మౌనం. ఎర్రర్ కూడా రాకుండా నిలిచిపోయింది అంటే నాకు ముందుగా వచ్చే అనుమానం ఇదే. వీపీఎన్ కలిపి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌లో ఇంటర్‌ఫేసుల పట్టిక తీసి, వీపీఎన్ వరుసలో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్టుకు పట్టే గరిష్ఠ కొలత) అని రాసి ఉన్న అంకె చూడండి. ‘డీమన్ డాట్ జేసన్’లో ఎంటీయూగా ఆ అంకెనే రాస్తే, మామూలు బ్రిడ్జి మీద కొత్తగా పుట్టే కంటైనర్లు ఆ కొలతే వాడతాయి. మీరు సొంతంగా సృష్టించుకున్న నెట్‌వర్క్‌లకు ఇది వర్తించదు, వాటికి విడిగా చెప్పాలి. వీపీఎన్ లేనప్పుడు ప్యాకెట్ల సంఖ్య కొద్దిగా పెరుగుతుంది, మీకు తెలియనంత స్వల్పంగా.

ఇప్పుడు అయిదో పేజీ.

ముందు ఆ రాత్రి యంత్రంలో ఏం జరిగిందో తెలుసుకోండి. ఐపీటేబుల్స్‌లో నియమాలు ఒకే పుస్తకంలో ఉండవు. వేటిని రానివ్వాలి, వేటిని ఆపాలి అన్నది ఒక పట్టిక, చిరునామాలను మార్చి దారి మళ్లించేది ‘నాట్’ అనే ఇంకో పట్టిక. మీరు రెండింటినీ తుడిచారు. కంటైనర్లను బయటికి పంపే మాస్క్వరేడ్ నియమం ఆ నాట్ పట్టికలోనే ఉంటుంది కాబట్టి, నెట్ రావాలని చేసిన పనే మిగిలిన కాస్త దారినీ మూసింది. డాకర్‌ను రీస్టార్ట్ చేస్తే తన నియమాలను తాను మళ్లీ రాసుకుంటుంది. కానీ మిల్లుల కాటాల నుంచి వచ్చేదాన్ని లోపలి యంత్రానికి మళ్లించే నియమాలు అన్న చేత్తో రాసినవి, అవి డాకర్‌కు తెలియవు, తిరిగి రావు. తుడవడానికి ముందు ‘ఐపీటేబుల్స్ సేవ్’ తో ఒక ఫైలులోకి నకలు తీసి ఉంటే ఒక్క నిమిషంలో వెనక్కి తేగలిగేవారు. ఇకపై అది లేకుండా ఆ పట్టికలను ముట్టుకోకండి.

చెప్పాలా వద్దా అంటే, చెప్పకపోవడం వల్ల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మీరు మౌనంగా ఉంటే ఈ విషయం అక్కడితో ఆగిపోతుందని అనుకుంటున్నారు, కానీ అది ఆగలేదు. ఆ మౌనం ఆధారంగానే ఒక నిర్ణయం జరుగుతోంది. ఏ లోపమూ లేని సర్వర్‌ను పక్కన పెట్టి కొత్తది కొనబోతున్నారు, చిన్న సంస్థకు అది చిన్న ఖర్చు కాదు. పైగా అన్న తన అనుభవం మీదే అనుమానపడుతూ ఉండి ఉంటారు. తాను రాసిన నియమాలు ఏ కారణమూ లేకుండా మాయమయ్యాయంటే, 11 ఏళ్లు ఆ యంత్రాలను చూసుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. కొత్త సర్వర్ వచ్చాక ఎప్పుడో పాత సర్వర్‌లో మీ లాగిన్ కింద ఆదేశాల చరిత్ర ఎవరైనా తీస్తే, అది అక్కడే ఉంటుంది. అప్పుడు తప్పు ఒకటి కాదు, రెండవుతాయి.

నేరుగా యజమానికి చెప్పవచ్చు. ఆయన త్వరగా నిర్ణయం మార్చుకుంటారు, కానీ అన్నకు ఈ సంగతి తన పైవారి నోటి నుంచి తెలుస్తుంది, తనను తప్పించి పైకి వెళ్లారన్న మాట మీ మధ్య చాలాకాలం ఉండిపోతుంది. ముందు అన్నకే, ఒంటరిగా, చెప్పవచ్చు. ఆయన కోప్పడవచ్చు, నేను ముందే అన్నాను అనవచ్చు. అననివ్వండి. కానీ ఖరారు కాని కొటేషన్లను ఆపడానికి ఆయనకు అవకాశం ఇచ్చినట్టవుతుంది, యజమాని దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లే వీలు ఉంటుంది. నేను మీ చోట ఉంటే ఈ రెండోదాన్నే ఎంచుకుంటాను. కొటేషన్ ఖరారయ్యే లోపే వెళ్తాను. ఆయన వెంటనే యజమానికి చెప్పడానికి ఒప్పుకోకపోయినా, సర్వర్ కొనుగోలు జరగకముందు మీరు చెప్పక తప్పదు. ఆ మాట కూడా ఆయనతో అప్పుడే అనేయండి.

ఎలా మొదలుపెట్టాలో మీకు తోచడం లేదని రాశారు. చుట్టూ తిప్పకండి. ‘అన్నా, ఆ రోజు సర్వర్‌లో నియమాలు పోయింది నా వల్ల. రాత్రి నేనే తుడిచాను, మీవి కూడా అందులో ఉన్నాయని తెలియలేదు. సర్వర్ బాగానే ఉంది’ అని ముందు చెప్పండి, తర్వాత క్షమించమని అడగండి. కంటైనర్ల సంగతి ఆ మాటల్లో కలపకండి. అది సాకులా వినిపిస్తుంది. ఆయన తేరుకున్నాక, అదే రోజైనా మరుసటి రోజైనా, ఎన్ఎస్‌లుకప్ జవాబులు దాచుకున్న ఫైలు చూపించి, ‘మీ డీఎన్ఎస్‌మాస్క్ బ్రిడ్జి మీద కూడా పలికితే సరిపోతుందనుకుంటున్నాను, మీరు ఒకసారి చూస్తారా’ అని అడగండి. ఆయన ఏర్పాటును తీసివేయమని మీరు అడగడం లేదు, ఇంకొక చోటికి విస్తరించమని అడుగుతున్నారు. కంటైనర్ల మీద ఆయన అభ్యంతరం నిజానికి ఏమిటో మీ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు, బహుశా మీరు అడిగి ఉండరు. మిల్లుల్లో అర్ధరాత్రి ఏదైనా ఆగితే ఫోన్ వచ్చేది ఆయనకే కదా. తనకు తెలియని దాన్ని తాను బాగుచేయవలసి వస్తుందన్న భయం ఉంటే, అది న్యాయమైన భయం.

హాట్‌స్పాట్ సంగతి కూడా అదే రోజు చెప్పి, అదే రోజు ఆపేయండి. మిల్లుల లెక్కలున్న యంత్రం ఆఫీసు ఫైర్‌వాల్‌ను తప్పించుకొని మూడు వారాలు బయటి నెట్‌కు కలిసి ఉందన్నది వాళ్లకు తెలియాల్సిన విషయం.

సెట్టింగుల ఫైలు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ‘డీమన్ డాట్ జేసన్’లో ఒక్క కామా ఎక్కువైనా డాకర్ అసలు లేవదు, కాబట్టి పాత ఫైలుకు నకలు ఉంచుకోండి. మార్పు అమలు కావాలంటే డాకర్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి, మామూలుగా అప్పుడు నడుస్తున్న కంటైనర్లన్నీ ఆగిపోతాయి, తిరిగి లేవాలని ముందే చెప్పి ఉంచనివి ఆగే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా చేసుకోండి. టెస్ట్ సర్వర్‌లో మాత్రం మిల్లుల కాటాలు మూసిన తర్వాత, అన్న పక్కన ఉన్నప్పుడు చేయండి, చేశాక కాటా లెక్క ఒకటి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉండండి.